గోడకు ఆనిన స్వర్ణశిల్పం

పదిహేడో శతాబ్ది ఉత్తరార్ధంలో రోము నగరపు ప్రభుసౌధాల్లోనూ ఫ్రాన్సు రాజాస్థానంలోనూ రూపుదిద్దుకున్న కన్సోల్ బల్ల, ఇంటి సామగ్రిలో చేరిందే గాని, నిజానికి భవన నిర్మాణంలో ఒక భాగంగానే పుట్టింది. గోడలోంచి ముందుకు పొడుచుకువచ్చి పై బరువును మోసే వంపుల ఆధారాన్ని వాస్తుశిల్పులు కన్సోల్ అంటారు. ఆ ఆకృతిని కొయ్యలో చెక్కి, దానిపై పాలరాతి పలకను నిలిపితే ఈ బల్ల అయింది. చాలా బల్లలకు ముందు కాళ్లే ఉండి వెనుకభాగం గోడకు బిగించి ఉండడానికీ, కంటబడని వైపు చెక్కడం లేకపోవడానికీ కారణం ఇదే.

రోములో బరోక్ శైలి, అంటే కదలికనూ ఆడంబరాన్నీ కోరే శిల్పధోరణి, ప్రబలంగా ఉన్న ఆ కాలంలో కాళ్ల స్థానాన్ని మానవాకృతులు, గద్దలు, మెలికలు తిరిగిన ఆకులు ఆక్రమించాయి. ఇటలీలో పదేళ్లు గడిపి 1719లో స్వదేశం చేరిన ఆంగ్ల వాస్తుశిల్పి విలియం కెంట్ ఆ గాంభీర్యాన్ని ఇంగ్లండుకు తీసుకువెళ్లాడు. ఫ్రాన్సులో 14వ లూయీ 1689లో యుద్ధవ్యయం కోసం వెర్సాయ్ ప్రాసాదపు వెండి సామగ్రిని కరిగించగా, బంగారు పూత పూసిన కొయ్యకు ప్రాధాన్యం పెరిగింది. రష్యాలో పీటర్ చక్రవర్తి కొలువులో పనిచేసి పారిస్‌కు తిరిగివచ్చిన కొయ్యశిల్పి నికొలా పినో వంటివారి చేతిలో, గవ్వల రూపాలతో, రెండు వైపులా ఒకేలా ఉండని వంపులతో కూడిన రొకోకో శైలి వికసించింది.

ఈ బల్లల అసలు ఘనత పూతలోనే ఉంది. చెక్కిన కొయ్యపై సుద్దను జంతుచర్మపు జిగురుతో కలిపి పొరలు పొరలుగా పూస్తారు. తంజావూరు చిత్రాల్లో ఉబ్బెత్తు నగిషీకి వాడే ముద్ద వంటిదే ఇదీ. పూడుకుపోయిన రేఖలను సన్నని ఉలులతో మళ్లీ చెక్కి, ఎర్రని మెత్తటి మట్టిని పూసి, నీటితో తడిపి బంగారు రేకును పరుస్తారు. తరువాత నునుపైన అగేటు రాతితో కొన్ని చోట్ల మెరుగుపెట్టి, మిగిలిన చోట్ల అలాగే వదిలేయడం వల్ల, కొవ్వొత్తి వెలుగులో చెక్కడం లోతుగా కనిపిస్తుంది. రెండు కిటికీల నడుమ, నిలువుటద్దం కింద ఈ బల్లను నిలపడంలోని ఉద్దేశమూ ఆ కొద్దిపాటి వెలుగును పెంచుకోవడమే.

అందువల్ల మెరుపు తగ్గిందని పాత బల్లకు ఇత్తడి పొడి కలిపిన రంగు పూయడం దాన్ని పాడుచేయడమే. ఆ రంగు కాలక్రమంలో నల్లబడుతుంది, ఉలి తీర్చిన రేఖలను కప్పివేస్తుంది. ఇలాంటి బల్ల ఎవరి ఇంట ఉన్నా, అరిగిన బంగారాన్ని అలాగే ఉండనిచ్చి, మరమ్మతును ఈ పని తెలిసినవారికే అప్పగించాలి.