టమోటా సీమలో పిజ్జా

పులియబెట్టిన మైదా పిండిని పలుచగా సాగదీసి, దానిపై టమోటా గుజ్జు పూసి, చీజ్ పరచి, తీవ్రమైన వేడిలో కాల్చే ఇటలీ వంటకమైన పిజ్జా, 1996లో డామినోస్ ఢిల్లీలోను, పిజ్జా హట్ బెంగళూరులోను తమ తొలి భారతీయ దుకాణాలు తెరిచిన తరువాత, క్రమంగా చిన్న ఊళ్ల బేకరీలకూ చేరింది. ఆంధ్రప్రదేశ్‌లోని గుర్రంకొండ, మదనపల్లె పరిసరాలలో ఈ వంటకాన్ని పరిశీలించడానికి ప్రత్యేక కారణం ఉంది. పిజ్జా రుచికి ఆధారమైన టమోటాయే ఈ ప్రాంతపు ప్రధాన వాణిజ్య పంట. మదనపల్లె మార్కెట్ దేశంలోని అతిపెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి.

అయితే టమోటాలన్నీ ఒక్క పనికి రావు. ఇటలీలోని నేపుల్స్ నగర పరిసరాలలో పండే, పిజ్జాకు పేరుపొందిన సాన్ మార్జానో రకం కోలగా ఉండి, గింజలు తక్కువగా, కండ ఎక్కువగా కలిగి ఉంటుంది. మదనపల్లె మండీలకు వచ్చే కాయలు దూరపు నగరాలకు లారీలలో చెడకుండా చేరవలసినవి కాబట్టి, గట్టిదనానికి, నిల్వ గుణానికి ప్రాధాన్యమిచ్చి ఎంచుకున్న రకాలు. సాన్ మార్జానోతో పోలిస్తే వాటిలో రసమూ పులుపూ ఎక్కువగా ఉండవచ్చు. పప్పుకూ చారుకూ మేలుచేసే ఆ గుణాలే పిజ్జాకు ఇబ్బంది కలిగిస్తాయి, ఎందుకంటే పలుచని గుజ్జులోని నీరు రొట్టెలోకి ఇంకి, దానిని మెత్తబరుస్తుంది. గింజలు తీసి, సన్నని సెగపై చిక్కబడేదాకా మరిగిస్తే ఈ లోపం చాలావరకు తీరుతుంది.

రొట్టె నాణ్యత ప్రధానంగా పులియడంపై ఆధారపడుతుంది. ఈస్ట్ అనే సూక్ష్మజీవి పిండిలోని చక్కెరలను వాడుకొని బొగ్గుపులుసు వాయువును విడుదల చేయగా, గోధుమ మాంసకృత్తులు నీటితో కలిసి ఏర్పరచే గ్లూటెన్ అనే సాగే అల్లిక ఆ వాయువును పట్టి ఉంచుతుంది. నేపుల్స్ పద్ధతిలో గంటల తరబడి పులిసిన పిండిని, 400 డిగ్రీల సెల్సియస్‌కు మించిన కట్టెల పొయ్యిలో ఒకటి, ఒకటిన్నర నిమిషాలలో కాలుస్తారు. ఈ వృత్తి నైపుణ్యాన్ని యునెస్కో 2017లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. అంత వేడి అందని సాధారణ ఓవెన్‌లో ఎక్కువసేపు కాల్చవలసి రావడంతో, రొట్టె ఆరిపోయి గట్టిపడే అవకాశం ఉంటుంది.

చీజ్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. పాల విరుగును వేడినీటిలో సాగదీసి చేసే మోజరెల్లా కరిగినప్పుడు తీగలు సాగుతుంది. పాల కొవ్వుకు బదులు నూనెలు చేర్చి తయారుచేసే అనలాగ్ అనే చవక పదార్థం చూపుకు అలాగే ఉన్నా, పాల రుచిని ఇవ్వదు.

కాబట్టి ఊరి దుకాణంలో పిజ్జాను తొలిసారి రుచి చూసేవారు, పైన చల్లిన కూరగాయ ముక్కలను బట్టి కాక, అడుగు సమంగా కాలిందా, అంచు పొంగిందా, గుజ్జులో టమోటా రుచి తెలుస్తున్నదా అన్న మూడు అంశాలను బట్టి దాని నాణ్యతను నిర్ణయించడం సమంజసం.

చివరి అంశం రైతుకూ సంబంధించినదే. 2023 జూలై చివరలో మదనపల్లెలో కిలో దాదాపు 200 రూపాయలు పలికిన టమోటా, పంట ముంచెత్తిన రోజులలో కోత కూలి కూడా రాక రోడ్ల పక్కన పారబోతకు గురవుతుంది. ఇలాంటి ఒడుదొడుకులను తగ్గించేందుకే 2018-19 కేంద్ర బడ్జెట్‌లో 500 కోట్ల రూపాయలతో ఆపరేషన్ గ్రీన్స్ పథకాన్ని ప్రకటించారు. గుజ్జుకు అనువైన రకాల సాగు, వాటి గుజ్జును చిక్కబరచి నిల్వచేసే పరిశ్రమ ఈ ప్రాంతంలో కలిసి పెరిగితే, బేకరీకి మంచి సాస్ అందుతుంది, రైతుకు మరొక కొనుగోలుదారు లభిస్తారు.