రాజాజీ నూటయేబదవ జయంతి: ప్రభుత్వమునకొక మనవి

మా కావేరిపట్టణము పేరు వినిన పరదేశీయులు ఇది కావేరీతీరమున నున్నదనియు, చోళుల పూంపుహారు ఇదియే కాబోలుననియు తలంతురు. మా యూరి ప్రక్కన పారునది దక్షిణ పినాకిని. పేరును బట్టి ఊరు నూహించుట యెంత పొరపాటో, బిరుదును బట్టి మనుష్యుని గ్రహించుటయు నంతే పొరపాటు. "కడపటి గవర్నరు జనరలు" అను నొక్కమాటతో మన పాఠ్యపుస్తకములు ముగించివేయుచున్న చక్రవర్తి రాజగోపాలాచారిగారి విషయమున ఈ పొరపాటే జరుగుచున్నది.

వారు 1878 డిసెంబరు 10వ తేదీన హోసూరునకు సమీపముననున్న తొరపల్లిలో జన్మించిరి. హోసూరు పాఠశాలలో చదివి, బెంగుళూరు, మదరాసు కళాశాలలలో విద్య ముగించి, సేలములో న్యాయవాదవృత్తి నవలంబించిరి. నాడు సేలము జిల్లాలో చేరియుండిన హోసూరు, కృష్ణగిరి తాలూకాలు 1965లో ధర్మపురి జిల్లాకును, 2004లో నూతనముగా నేర్పడిన కృష్ణగిరి జిల్లాకును చేరినవి. రాబోవు 2028 డిసెంబరునకు వారు జన్మించి నూటయేబదేండ్లు నిండును. కావున ఈ యుత్సవమును గూర్చి ముందుగా నోరు విప్పవలసినవారము ఈ జిల్లావారమే.

ఇది యొక వ్యక్తి జన్మదినము మాత్రమే కాదు. 1948 జూన్ 21న మౌంట్‌బాటన్ ప్రభువు విడిచిన పీఠమును రాజాజీ యధిష్ఠించిరి. భారతీయులలో ఆ పదవిని వహించినవారు వారొక్కరే. 1950 జనవరి 26న బాబూ రాజేంద్రప్రసాదు రాష్ట్రపతిగా ప్రమాణము చేయుటతో ఆ పదవియే అంతరించినది. తన పదవి రద్దగుటయే దేశమునకు శుభమని యెఱిగి దానిని నిర్వహించిన వారి చరిత్రము స్వతంత్రభారత రాజ్యాంగ చరిత్రములో నొక భాగము. అందుచేత దీనిని జాతీయోత్సవమనుట అతిశయోక్తి కాజాలదు.

ఈ ప్రాంతమునకు వారితో గల సంబంధము పుట్టుకతోనే తీరలేదు. 1937లో మదరాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రియైన వెంటనే వారు మద్యనిషేధమును మొదట అమలుపఱచినది మా సేలము జిల్లాలోనే. అప్పులపాలైన రైతుల భారమును తగ్గించుటకు 1938లో వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము వచ్చినది. హరిజనుల ఆలయప్రవేశమునకు తోడ్పడిన చట్టము 1939లో వెలసినది. వాన మీద నాధారపడి రాగిపైరు వేసుకొను మెట్టప్రాంతపు రైతునకు కల్లుపాక యన నేమో, అప్పుపత్రమన నేమో వేఱుగ చెప్పవలసిన పని లేదు.

అయినను తెలుగువారిలో కొందఱు, "ఆంధ్రరాష్ట్రమున కడ్డుపడిన వారికి మనము ఉత్సవము చేయుటా?" యని యడుగుదురు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములుగారు ప్రాయోపవేశ మారంభించి, డిసెంబరు 15వ తేదీ రాత్రి మదరాసులో అసువులు బాసినప్పుడు ముఖ్యమంత్రి రాజాజీయే. మదరాసు నగరమును ఆంధ్రమున కిచ్చుటకు వారు సమ్మతింపలేదు. హిందీని నిర్బంధము చేసిరని 1938లో తమిళులు వారిపై నాగ్రహించిరి. ప్రాథమిక పాఠశాలలలో చదువు గంటలను తగ్గించి, మిగిలిన కాలమున బాలురు తల్లిదండ్రుల వృత్తిని నేర్వవచ్చునన్న 1953 నాటి పథకము, 1954లో వారి పదవీత్యాగమునకు ముఖ్యకారణమైనది.

వీనిని కప్పిపుచ్చి ఉత్సవము చేయుడని మేము కోరము. అనుకూలమైన సాక్ష్యమును మాత్రమే చదివి వినిపించు వకీలును న్యాయాధిపతి నమ్మడు. ప్రజలును అంతే. తప్పొప్పులు రెండును చెప్పి నిలిచిన గౌరవమే చిరకాలము నిలుచును. చిత్రమేమన, 2028 అక్టోబరు 1వ తేదీకి ఆంధ్రరాష్ట్ర మవతరించి డెబ్బదియైదేండ్లు నిండును. ఆ రాష్ట్రమునకు వెలుపల నిలిచిపోయిన తెలుగువారమైన మాకు ఈ రెండు తిథులును ఒకే యేట వచ్చుచున్నవి. ఒకదానిని స్మరించి రెండవదానిని మఱచుట మావలన కాదు.

తమిళనాడు ప్రభుత్వమువారికి మా మనవి యిది. ఉత్సవసంఘమును ఇప్పుడే నియమింపవలెను. ముఖ్యసభ రాజధానిలో గాక తొరపల్లిలోనో హోసూరులోనో జరుగవలెను. 2022 జూలై 4న అల్లూరి సీతారామరాజుగారి నూటయిరువదియైదవ జయంత్యుత్సవములను భారతప్రభుత్వము భీమవరముననే ప్రారంభింపలేదా? తొరపల్లిలో ప్రభుత్వము స్మారకముగా కాపాడుచున్న వారి జన్మగృహమునందు ఆయన చరిత్రము తమిళముతోపాటు తెలుగు, కన్నడములలో గూడ వ్రాయింపవలెను. వారి శాసనసభా ప్రసంగములను, వారి ప్రత్యర్థులిచ్చిన ప్రత్యుత్తరములతో సహా, స్వల్పమూల్యమునకు ప్రకటింపవలెను.

అన్నిటికన్న ముఖ్యమైనది మఱియొకటి. 2006 నాటి చట్టముచే తమిళము పాఠశాలలలో నిర్బంధమైన పిదప, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలు మినహాయింపు కొఱకు న్యాయస్థానముల నాశ్రయించిరి. తమిళము నేర్చుటకు మేము విముఖులము కాము; మా సంతలో ఆ భాష లేక పూట గడువదు. ఇంటిభాష బడిలో నిలువవలెననియే మా కోరిక. భాషను నిర్బంధించిన నెంతటి కలత పుట్టునో రాజాజీ జీవితమే పాఠము చెప్పుచున్నది. వారి జయంతీవత్సరమున ఈ జిల్లాలోని తెలుగు, కన్నడ పాఠశాలలకు చాలినంతమంది ఉపాధ్యాయులను నియమించినచో, పూలమాలలకన్న, తోరణములకన్న అది యుత్తమమైన నివాళి యగును.

కాలమింకను చేతిలోనున్నది. తొరపల్లి బాలుడు తన యింటిభాషలో ఆ మహనీయుని చరిత్రము చదివి, మెచ్చవలసినది మెచ్చి, ప్రశ్నింపవలసినది ప్రశ్నించిన నాడే ఈ యుత్సవము సార్థకమగును. ప్రభుత్వమువా రాలకింతురుగాక.