పాలరోగం నుంచి పుట్టిన మందు

హిందూపురం, మదనపల్లె వైపు పట్టుపురుగులు పెంచే రైతులకు పాలరోగం పేరు చెబితే గుండెలో రాయి పడుతుంది. పుస్తకాల్లో దీని పేరు గ్రాసరీ. రోగం తగిలిన పురుగు ఆకు ముట్టదు. కణుపుల మధ్య చర్మం ఉబ్బి, ఒళ్లంతా నిగనిగలాడుతూ, తట్ట అంచు వెంట ఊరికే తిరుగుతుంటుంది. వేలు తగిలితే చాలు, చర్మం చిట్లి పాలలాంటి ద్రవం కారుతుంది. అది పడిన ఆకు తిన్న పురుగుకూ అదే గతి. నాలుగో జ్వరం లేచి, ఇక గూళ్లు కట్టడమే తరువాయి అనుకున్న పంట కళ్లముందే చేజారిపోతుంది.

ఆ పాలలో ఉండేది బాక్యులోవైరస్. దాన్నే పనిముట్టుగా చేసుకుని, పట్టుపురుగు ఒంట్లో పిల్లులకూ కుక్కలకూ మందు తయారు చేయించారు జపాన్ వాళ్లు. పశువైద్యం కోసం మనిషి కనిపెట్టిన యంత్రాల్లో నాకు ఇంతగా నచ్చింది మరొకటి లేదు.

ఈ వైరస్ పురుగు కణంలోకి దూరాక ముందు తన పిల్లల్ని పుట్టిస్తుంది. చివరి దశలో పాలీహెడ్రిన్ అనే ప్రోటీన్‌ను కుప్పలుతెప్పలుగా తయారు చేయించి, ఆ స్ఫటికాల్లో తన పిల్లల్ని పొదుగుతుంది. మనకు కనిపించే తెలుపు ఆ స్ఫటికాలదే. పురుగు చచ్చి కుళ్లిపోయాక, మరో పురుగు నోట్లో పడేదాకా వైరస్ బయట బతకాలి కదా, అందుకు ఈ కవచం. ఒంటి లోపల ఒక కణం నుంచి ఇంకో కణానికి పాకడానికి మాత్రం దాంతో పనిలేదు. కాబట్టి పాలీహెడ్రిన్ జన్యువును తీసేసినా వైరస్ పురుగు లోపల చక్కగా పెరుగుతుంది. ఆ జన్యువును అంత జోరుగా నడిపించే మీట ఎలాగూ అక్కడే ఉంటుంది. ఖాళీ అయిన చోట మనకు కావలసిన జన్యువును కూర్చోబెడితే, పురుగు కణాలు అంతే జోరుగా మన ప్రోటీన్‌ను తయారుచేస్తాయి.

1983లో అమెరికాలో గేల్ స్మిత్, మ్యాక్స్ సమ్మర్స్, మాల్కమ్ ఫ్రేజర్ ఈ పద్ధతిలో మనిషి బీటా ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ను తయారుచేశారు. వాళ్లు వాడినవి గాజుపాత్రలో పెంచిన కణాలు. ఇవాళ మన మొక్కజొన్న రైతులను ఏడిపిస్తున్న కత్తెర పురుగు కణాలే అవి. రెండేళ్లు తిరక్కుండానే జపాన్‌లో సుసుము మాయెదా బృందం గాజుపాత్రను పక్కనపెట్టి బతికున్న పట్టుపురుగుకే సూది వేసింది. పట్టుపురుగు సొంత వైరస్‌లో మనిషి ఆల్ఫా ఇంటర్‌ఫెరాన్ జన్యువును చేర్చి ఎక్కిస్తే, పురుగు రక్తంలో ఆ ప్రోటీన్ పోగుపడింది. 1985లో నేచర్ పత్రిక ఆ ఫలితాన్ని ప్రచురించింది.

ఇంటర్‌ఫెరాన్‌ను 1957లో లండన్‌లో అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మన్ కనుగొన్నారు. వైరస్ సోకిన కణం తన చుట్టుపక్కల కణాలకు చేసే హెచ్చరిక ఇది. అది అందుకున్న కణాలు వైరస్ ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైములను, ప్రోటీన్ తయారీకి అడ్డం పడే ఎంజైములను సిద్ధం చేసుకుంటాయి. మనిషి ఇంటర్‌ఫెరాన్ పిల్లికి అంతగా పనిచేయదు. పిల్లికి పిల్లిదే కావాలి.

ఆ పని తలకెత్తుకున్న కంపెనీ టోరే. 1926లో కృత్రిమ పట్టు, అంటే రేయాన్ తయారీ కోసం మొదలైన కంపెనీ అది. పట్టుకు పోటీగా వచ్చినవాళ్లే చివరికి పట్టుపురుగు దగ్గరికి వచ్చారు! పిల్లి ఒమేగా ఇంటర్‌ఫెరాన్ జన్యువును వైరస్‌లో పెట్టి పురుగులకు ఎక్కించారు. కొద్ది రోజులు ఆగి, వాటి ఒంట్లోని ద్రవాన్ని తీసి ఆమ్లంలో ఉంచారు. ఆమ్లానికి వైరస్ నశిస్తుంది, ఈ ఇంటర్‌ఫెరాన్ మాత్రం తట్టుకుంటుంది. ఉత్పత్తి పెంచాలంటే పెద్ద ట్యాంకులు కట్టనక్కర్లేదు, ఇంకొన్ని పురుగులు పెంచితే సరి. కష్టమంతా శుద్ధి చేయడంలోనే. పురుగు సొంత ప్రోటీన్ల గుంపులోంచి మనకు కావలసిన ఒక్కదాన్ని ఏరాలి, పైగా ఏ రెండు పురుగులూ సరిగ్గా ఒకేలా పండవు. 1994లో ఇంటర్‌క్యాట్ పేరుతో ఆ మందు జపాన్ మార్కెట్లోకి వచ్చింది. పిల్లుల నోట్లో పుండ్లు లేపే కాలిసివైరస్ జబ్బు కోసం మొదట వాడారు.

2001లో ఐరోపా వాళ్లు దాన్ని విర్‌బాజెన్ ఒమేగా పేరుతో కుక్కలకు వచ్చే పార్వో అనే వైరస్ జబ్బుకు అనుమతించారు. పార్వో సోకిన కుక్కపిల్లను చూసినవాళ్లకు ఆ కబురు విలువ తెలుస్తుంది. నిన్న కాళ్లకు అడ్డం పడిన పిల్ల ఇవాళ తల ఎత్తదు. నెత్తుటి విరేచనాలు, ఆగని వాంతులు, ఆ కుళ్లు వాసన. సెలైన్ ఎక్కిస్తూ కాచుకు కూర్చోవడం తప్ప డాక్టరు చేయగలిగింది చాలా తక్కువ. 92 కుక్కల మీద జరిపిన పరీక్షలో, మూడు రోజులు ఇంటర్‌ఫెరాన్ అందిన గుంపులో 3 చనిపోయాయి, మందు లేని సూది వేసిన గుంపులో 14. అన్ని జబ్బులకూ ఇది పనిచేయలేదన్నదీ చెప్పాలి. పిల్లుల్లో ఎఫ్‌ఐపీ అనే ప్రాణాంతక జబ్బు మీద చాలా ఆశ పెట్టుకున్నారు. సరైన పోలికతో పరీక్షించాక తేడా కనిపించలేదు.

ఇంతవరకూ మార్చింది వైరస్‌నే, పురుగు జన్యువులు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. అందుకే ప్రతి పంటకూ మళ్లీ సూది వేయాల్సిందే. 2000లో జపాన్‌లోని త్సుకుబాలో తోషికి తమురా బృందం పురుగు జన్యువులనే మార్చగలిగింది. కొత్త గుణం తరతరాలకూ నిలిచింది. అందుకు వాడిన పిగ్గీబ్యాక్ అనే జన్యుముక్క, మాల్కమ్ ఫ్రేజర్ బాక్యులోవైరస్‌లను పరిశీలిస్తూ పట్టుకున్నదే. ఇప్పుడు పట్టుదారం చుట్టూ ఉండే సెరిసిన్ పొరలోకే ప్రోటీన్‌ను పంపవచ్చు, గూటి నుంచి దాన్ని కరిగించి తీసుకోవచ్చు.

హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ పరిశోధన కేంద్రంలో డాక్టర్ జె. నాగరాజు బృందం అదే పిగ్గీబ్యాక్‌ను రైతు వైపు నుంచి వాడింది. హిందూపురం పట్టు పరిశోధన సంస్థతో, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలతో కలిసి, వైరస్ జన్యువుల నోరు నొక్కేసే పురుగులను తయారుచేసింది. పాలరోగాన్ని తట్టుకునే పురుగులన్నమాట. ఆ పరిశోధన 2013లో అచ్చయ్యేనాటికి నాగరాజు లేరు.

పురుగుకు బాక్యులోవైరస్ సూది వేసే పాత పద్ధతి కూడా ఆగిపోలేదు. 2021లో ఐరోపా కుందేళ్ల రక్తస్రావ జబ్బుకు ఒక టీకాను అనుమతించింది. దాని పేరు ఫాట్రోవ్యాక్స్ ఆర్‌హెచ్‌డీ. దానికి కావలసిన ప్రోటీన్ క్యాబేజీ లూపర్ అనే రెక్కల పురుగు ప్యూపాల్లో తయారవుతుంది. ప్యూపా తినదు, కదలదు, కాబట్టి సూది వేయడం తేలిక. ఆ జబ్బు వైరస్ ప్రయోగశాల కణాల్లో పెరగదు. అందుకని అంతకుముందు చాలా టీకాల కోసం కుందేళ్లకు జబ్బు అంటించి, వాటి కాలేయం నుంచి వైరస్‌ను తీసేవారు. ప్యూపాల్లో చేసే ఈ టీకాకు ఒక్క కుందేలునూ చంపనక్కర్లేదు.