నల్లమలకు వెళుతున్నారా? పులి సంగతి తర్వాత, ముందు ఎండ సంగతి చూసుకోండి

పిల్లలకు పరీక్షలు అయిపోయాయి. ఇంట్లో పోరు మొదలయింది. ఊటీ, కొడైకెనాల్ అంటే దూరం, ఖర్చు. కర్నూలు, నంద్యాల వాళ్లకు పక్కనే నల్లమల ఉంది. కడప వాళ్లకు శేషాచలం కొండల్లో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం, అందులో తలకోన జలపాతం ఉన్నాయి. తెల్లవారుజామున పులిహోర కట్టుకుని కారులో బయల్దేరితే బైర్లూటి దగ్గర జీపులో అడవి చూసి, శ్రీశైలంలో మల్లన్న దర్శనం చేసుకుని మర్నాటికి ఇల్లు చేరవచ్చు. చక్కని ఆలోచన. వెళ్లవద్దని చెప్పడానికి కాదు నేను ఇది రాస్తున్నది.

అడవికి వెళ్లేవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "పులి ఎదురైతే ఏం చెయ్యాలి డాక్టరుగారూ?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: "నీళ్లు ఎన్ని తీసుకువెళుతున్నారు?" నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి 1978లో అభయారణ్యమయింది, 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరింది. పులి ఉన్నమాట నిజమే. కాని అది మిమ్మల్ని చూస్తే తప్పుకుని పోతుంది. మే నెల ఎండ తప్పుకోదు.

అడవి అనగానే మనకు చల్లదనం గుర్తుకు వస్తుంది. ఇక్కడే పొరపాటు. నల్లమల ఆకురాల్చే అడవి. ఏప్రిల్, మే నెలల్లో చాలా చెట్లు మోడులై నిలబడి ఉంటాయి. కాళ్ల కింద ఎండుటాకులు, పైన ఆకాశం, చుట్టూ కాలిన రాయి. వేసవిలో జంతువులు బాగా కనపడతాయని అంటారే, దానికి కారణం ఇదే. ఆకు ఉండదు కనుక చూపు దూరం పోతుంది, నీళ్లు కొద్దిచోట్లే ఉంటాయి కనుక జంతువులు అక్కడికే వస్తాయి. జంతువు కనపడటానికి ఏది కారణమో, మనిషికి వడదెబ్బ తగలడానికీ అదే కారణం. మన జిల్లాల్లో పగటి వేడి 43, 44 డిగ్రీలకు చేరడం వింత కాదు గదా!

మన రాయలసీమ ఎండలో ఇంకొక మోసం ఉంది. కోస్తాలో చెమట కారుతుంది, చొక్కా తడుస్తుంది, మనిషికి తెలుస్తుంది. ఇక్కడ గాలి పొడిగా ఉంటుంది. పట్టిన చెమట పట్టినట్లే ఆరిపోతుంది. "నాకసలు చెమటే పట్టలేదు" అంటూ మనిషి గంటకు అర లీటరు, ముప్పావు లీటరు నీరు పోగొట్టుకుంటూ ఉంటాడు. సాయంత్రం చొక్కా వీపున తెల్లటి ఉప్పుచారలు చూసుకోండి, లెక్క అక్కడ రాసి ఉంటుంది. దాహం వేసినప్పుడు తాగుదామనుకుంటే ఆలస్యమయినట్లే. పెద్దవయసు వాళ్లకయితే దాహం కూడా సరిగా తెలియదు. మూత్రం రంగు చూసుకోవడం మంచి పద్ధతి. ముదురు పసుపు రంగులో, కొద్దికొద్దిగా వస్తూ ఉంటే నీళ్లు చాలలేదని అర్థం.

ఈ సందర్భంలో ఆడవాళ్లతో ఒక మాట చెప్పాలి. ప్రయాణమంటే మీరు పొద్దుటి నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. దారిలో మూత్రానికి చోటు ఉండదని భయం. ఆ భయం న్యాయమైనదే, తప్పు మీది కాదు. కాని పన్నెండు గంటలు నీళ్లు లేకుండా ఆ ఎండలో తిరిగితే మూత్రం మంటతో మొదలై వడదెబ్బ దాకా ఏదైనా రావచ్చు. ఇది ఇంటి యజమాని చూడవలసిన పని. నందికొట్కూరు, ఆత్మకూరు, దోర్నాల... ఎక్కడెక్కడ బస్‌స్టాండు, పెట్రోలు బంకు, హోటలు ఉన్నాయో ముందే అనుకుని, అడిగినా అడగకపోయినా కారు ఆపించండి. "ఎవరైనా దిగుతారా?" అని అడిగితే ఎవరూ దిగరు. "టీ తాగుదాం, అందరూ దిగండి" అనండి.

మనిషికి రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్లు లెక్కవేసి ఇంటి దగ్గరే నింపుకోండి. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉండి నీళ్లు తగ్గించమని చెప్పినవాళ్లు మాత్రం ఎంత తాగాలో తమ డాక్టరును అడిగి బయల్దేరాలి. అడవిలో సెలయేరు ఎంత తేటగా కనపడినా తాగవద్దు. కూల్‌డ్రింకు నీళ్లకు బదులు కాదు. ఉప్పు వేసిన పల్చని మజ్జిగను మించింది లేదు. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు పెట్టుకోండి. లీటరు పొట్లమయితే లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కాదు. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకు తలకొట్టిన టీ చెంచాలు ఆరు చక్కెర, అర చెంచా ఉప్పు. ఉల్లిపాయ జేబులో పెట్టుకుంటే వడదెబ్బ తగలదని మన పెద్దవాళ్ల నమ్మకం. దానితో నాకు తగాదా లేదు, రెండో జేబులో నీళ్ల సీసా ఉంటే చాలు.

రక్తపోటుకు మాత్రలు మింగే పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నారా? వాటిలో కొన్ని మూత్రం ఎక్కువగా పోయేటట్లు చేస్తాయి, కొన్ని గుండె వేగాన్ని పట్టి ఉంచుతాయి. మానసిక వ్యాధులకిచ్చే మందులు కొన్ని, జలుబుకు మనమే కొనుక్కుని మింగే మాత్రలు కొన్ని చెమటను తగ్గిస్తాయి. ఇవన్నీ ఎండకు తోడవుతాయి. మాత్రలు మీ అంతట మీరు మానవద్దు. బయల్దేరేముందు వారం రోజులుండగా డాక్టరుకు చూపించి అడగండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు సీసాను కారు అద్దం దగ్గర పెడితే మందు పాడవుతుంది. ఐసుకు తగిలించి గడ్డకట్టించినా అంతే. ప్లాస్టిక్ కవరులో చుట్టి, తడిగుడ్డలో పెట్టి నీడలో ఉంచండి. గుడ్డ ఆరకుండా చూసుకోవాలి.

ఇక అసలు ప్రమాదం సంగతి. కొన్నేళ్ల కిందట ఒక మే నెల మధ్యాహ్నం అరవై అయిదు దాటిన అవ్వను ఆస్పత్రికి తెచ్చారు. జీపు టిక్కెట్ల కోసం అందరూ క్యూలో నిలబడితే, అలసిపోయానని ఆమె కారులోనే కూర్చున్నది. వచ్చి చూసేసరికి సంధి మాటలు మాట్లాడుతున్నది, మనవడిని గుర్తుపట్టలేదు. "నిద్రమత్తు, పడుకోనివ్వండి" అన్నారట ఒకరు. వాళ్ల డ్రైవరు ఒప్పుకోలేదు. పాతిక లీటర్ల క్యానులో నీళ్లన్నీ ఆమె చీరె మీద పోసి, అద్దాలన్నీ దించి, కారు పరుగెత్తించాడు. వెనుక సీట్లో కోడలు తువ్వాలు తడుపుతూ, విసురుతూ కూర్చుంది. మేము చూసేసరికి జ్వరం 103 డిగ్రీల ఫారెన్‌హీట్. బయల్దేరేటప్పుడు ఎంత ఉండి ఉంటుందో ఊహించుకోండి. నాలుగు రోజులకు ఆమె నడిచి ఇంటికి వెళ్లింది. ఆ డ్రైవరు చేసినదే వైద్యం. మేము చేసినది దాని తరువాయి.

గుర్తులు తెలుసుకోండి. తల తిరగడం, కండరాలు పట్టెయ్యడం, వాంతి, నీరసం: ఇది శోష. నీడలో పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి పెట్టి, ఉప్పు మజ్జిగ పడితే తేరుకుంటారు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మనుషులను గుర్తుపట్టకుండా, మూర్ఛ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. ఒంటి వేడి 104 డిగ్రీలు దాటి మెదడును వేపుతూ ఉంటుంది. చెమట ఉన్నంతమాత్రాన వడదెబ్బ కాదనుకోవద్దు. ఇక్కడ ప్రతి నిమిషమూ లెక్కే. ముందు చల్లార్చడం, తర్వాత తరలించడం. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి, గట్టిగా విసరండి. మన పొడిగాలి మనిషికి చేసే ఉపకారం ఇదొక్కటే. కుండలో నీళ్లు చల్లబడేది ఎలాగో, తడిపిన ఒళ్లు గాలి తగిలితే అలాగే చల్లబడుతుంది. తడపకుండా వట్టి వేడిగాలి విసిరితే ప్రయోజనం లేదు. ఐసు ఉంటే మెడకు, చంకలకు, గజ్జలకు పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పొయ్యవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ మింగించవద్దు. ఈ వేడి ఆ మాత్రకు లొంగేది కాదు, కాలేయానికి చెరుపు. 108కి ఫోను చెయ్యండి. కాని అడవి దారిలో చాలాచోట్ల ఫోను పలకదు. అప్పుడు ఒళ్లు తడుపుతూనే ఆత్మకూరుకో, దోర్నాలకో, సున్నిపెంటకో, ఏది దగ్గరయితే అక్కడికి బండి తిప్పండి.

పసిపిల్లలను ఆగిన కారులో అయిదు నిమిషాలు కూడా వదలవద్దు. బయట 42 డిగ్రీలుంటే తలుపులు బిగించిన కారులో అరగంటకల్లా 55 దాటవచ్చు. అద్దం వేలెడంత దించి వెళ్లడం మన తృప్తికే. పిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే తొందరగా వేడెక్కుతుంది.

కనుక నడక, జీపు, కొండ ఎక్కడం అన్నీ ఉదయం పది లోపల, సాయంత్రం నాలుగున్నర తర్వాత పెట్టుకోండి. నడిమధ్యాహ్నం జింక కూడా నీడ వెతుక్కుంటుంది, పులి నీళ్లలో కూర్చుంటుంది. రాత్రిపూట ఆత్మకూరు-దోర్నాల దారిలో వాహనాలను పోనివ్వరు కనుక, ఆ తొందరలో మధ్యాహ్నమంతా ఎండలో పరుగెత్తకుండా ముందే వేళలు సరిచూసుకోండి. చింతపండు పులిహోర సాయంత్రం దాకా నిలుస్తుంది. తెల్లవారుజామున వండిన కోడికూర నిలవదు.

మిగతావి క్లుప్తంగా. ఘాటురోడ్డులో కోతులకు తిండి పెట్టవద్దు. కరిచినా, రక్కినా ధారగా పారే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. పాము కరిస్తే కట్టు బిగించడం, కొయ్యడం, పీల్చడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా పెట్టి ఆస్పత్రికి తీసుకుపోండి. విరుగుడు మందు ప్రభుత్వాస్పత్రిలో ఉచితం. చెప్పులు దులిపి తొడుక్కోండి. తేలు కుట్టిన పిల్లవాడికి చెమటలు పట్టి, వాంతులై, చేతులు కాళ్లు చల్లబడితే నొప్పిమాత్రతో సరిపెట్టవద్దు. మహారాష్ట్రలో మహాడ్ అనే ఊళ్లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ అనే చవక మాత్రతో ఇలాంటివాళ్లను ఎందరినో బతికించవచ్చునని చూపించారు. అది వేళకు అందాలి.

రాత్రి అడవిలో బస చేస్తే నిండు చేతుల చొక్కా, దోమతెర తప్పనిసరి. అడవి దోమ మలేరియా తెస్తుంది. జ్వరం వెంటనే రాదు, పది పదిహేను రోజులకు, ఒక్కోసారి నెలలు గడిచాక వస్తుంది. అప్పటికి యాత్ర సంగతే మరిచిపోయి ఉంటారు. "అడవికి వెళ్లివచ్చాం" అని డాక్టరుకు మీరే చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. చంకలోనో గజ్జలోనో సిగరెట్టు కాలినట్టు నల్లటి పక్కు ఉంటే అది కూడా చూపించండి. స్క్రబ్ టైఫస్ అనే జ్వరానికి అదే ఆనవాలు. వెళ్లివచ్చిన తేదీని గోడమీది క్యాలెండరులో గుర్తుపెట్టి ఉంచండి.