క్రిములు లేని మూత్రాశయ వాపు

మూత్రంలో మంట అనగానే మనం "ఒంట్లో వేడి చేసింది" అంటాము. సబ్జా నీళ్ళు, బార్లీ నీళ్ళు తాగుతాము. అప్పటికీ తగ్గకపోతే ఆర్.ఎం.పి. డాక్టరు ఇచ్చిన యాంటీబయాటిక్ మాత్రలు మింగుతాము. క్రిముల వలన వచ్చిన మంటయైతే సరియైన మాత్రలతో తగ్గుతుంది. అయితే ఎన్ని కోర్సులు వాడినా తగ్గనివారూ ఉన్నారు. మూత్రాశయం నిండేకొద్దీ పొత్తికడుపులో నొప్పి వస్తుంది. మూత్రం పోసిన తరువాత కొంత హాయిగా ఉన్నా, గంట తిరగకముందే మళ్ళీ వెళ్ళవలసి వస్తుంది. రాత్రి నిద్ర ఉండదు. మూత్రం కల్చర్ పరీక్షలో మాత్రం క్రిములు కనబడవు.

ఈ బాధ ఆరు వారాలు దాటి ఉండి, మరే కారణమూ దొరకనప్పుడు వైద్యులు దీనిని ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అంటారు. స్త్రీలలో ఎక్కువ. ఇది అంటువ్యాధి కాదు. చెడు నడతవలన వచ్చేది కాదు. పని తప్పించుకొనే సాకు అంతకన్నా కాదు. 1915లోనే అమెరికా వైద్యుడు గై హన్నర్ ఇటువంటి కొందరి మూత్రాశయపు గోడలో పుండ్లు ఉన్నట్లు వివరించాడు.

గనుక మొదట చేయవలసినది కల్చర్ పరీక్ష. క్రిములు లేవని తేలితే యాంటీబయాటిక్‌లు మళ్ళీ మళ్ళీ వాడినందువలన లాభం లేదు. షుగరు, రాళ్ళు, క్షయ, క్యాన్సరు లేవని వైద్యుడు నిర్ధారించుకోవాలి. మూత్రంలో రక్తం కనబడితే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు.

చికిత్స ఇంటిలోనే ఆరంభమవుతుంది. కాఫీ, టీ, కూల్‌డ్రింకులు, టమాటా, పచ్చిమిరప, నిమ్మ, బత్తాయి కొన్ని వారాలు మానండి. తరువాత ఒక్కొక్కటే తిని చూస్తే పడనిది ఏదో తెలుస్తుంది. చలువ అని తాగే నిమ్మరసమే కొందరికి మంట పెంచుతుంది. నీళ్ళు తాగడం మాత్రం మానకూడదు. మూత్రానికి వెళ్ళే వ్యవధిని పది, పదిహేను నిమిషాల చొప్పున మెల్లగా పెంచాలి. మలబద్ధకం లేకుండా చూసుకోవాలి. పొత్తికడుపుపై వేడినీళ్ళ సంచి పెట్టుకుంటే ఉపశమనం కలుగుతుంది.

ఇవి చాలకపోతే యూరాలజిస్టును కలవాలి. ఆయన రాత్రిపూట చిన్న మోతాదులో ఎమిట్రిప్టిలిన్ ఇవ్వవచ్చు. అది దిగులుకు ఇచ్చే మాత్ర కదా అని భయపడవద్దు. నరాల నొప్పికి కూడా దానిని వాడతారు. 1996లో అమెరికాలో అనుమతి పొందిన పెంటోసాన్ మాత్ర కొందరికి పనిచేస్తుంది. అయితే ఎక్కువకాలం వాడినవారిలో కంటి రెటీనా దెబ్బతినవచ్చని 2020లో దానిపై హెచ్చరిక చేర్చారు. గనుక అది వాడేవారు కంటి పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. సన్నని గొట్టంద్వారా మూత్రాశయంలోనికి మందు ఎక్కించే పద్ధతి కూడా ఉన్నది. పుండ్లుంటే దుర్బిణితో చూచి కాలుస్తారు.

ఇది అందరికీ పూర్తిగా నయమవుతుందని చెప్పలేము గాని, చాలామందికి అదుపులోనికి వస్తుంది. భర్తలారా, అత్తలారా, ఇంటిలో ఎవరైనా బస్సు ప్రయాణానికి భయపడి పెళ్ళిళ్ళు మానుకుంటున్నారా? విసుగుకొనక నెమ్మదిగా అడిగి తెలుసుకోండి. సిగ్గుతో దాచుకున్న నొప్పికి వైద్యం దొరకదు.