‘ఫాస్ట్’ అనగా వేగమేనా?

రాయపూర్ నుండి విజయనగరం వెళ్ళే రైలుమార్గంలో, రాయపూర్‌కు సమీపాననే మందిర్ హసౌద్ స్టేషను ఉంది. 1931లో పూర్తయిన ఆ మార్గం మీదుగా ఉద్యోగరీత్యా ఇటు వచ్చిన తెలుగువారికి మూడు భాషలు తప్పవు: ఇంట తెలుగు, బజారులో హిందీ, ఫైలులో ఇంగ్లీషు. ఈ మూడవ దానిలో మనం ఎక్కువగా తడబడేది వేగాన్ని గురించి వ్రాయవలసి వచ్చినప్పుడే అని నా అనుభవం.

‘ఫాస్ట్ స్పీడ్‌లో వచ్చెను’ అని నివేదికలలో తరచు కనిపిస్తుంది. బండి ఫాస్ట్ కావచ్చును గాని స్పీడ్ ఫాస్ట్ కాదు. అది ‘హై’ లేదా ‘లో’ మాత్రమే. ధర ఎక్కువంటాము గాని ధర ఖరీదైనదనము కదా! ‘నాట్స్ పర్ అవర్’ మరొక పొరపాటు. నాట్ అంటేనే గంటకు 1.852 కిలోమీటర్లు, దానిని మరల గంటతో భాగిస్తే వచ్చేది వేగం కాదు, త్వరణం.

ఇటువంటివి చదివినవారు నవ్వుకొని ఊరుకుంటారు. స్పీడ్‌కూ రేట్‌కూ మధ్య తికమక మాత్రం నవ్వుకొనదగినది కాదు. ట్యాంకరులో పెట్రోలు నింపునప్పుడు స్థిరవిద్యుత్తు పుడుతుంది. కనుక గొట్టపు మూతి ద్రవంలో మునిగేవరకు ప్రవాహవేగం సెకనుకు 1 మీటరు మించరాదు. కాని మీటరుపై మనకు కనిపించేది వేగం కాదు, నిమిషానికి ఇన్ని లీటర్లని. 100 మిల్లీమీటర్ల గొట్టంలో సెకనుకు 1 మీటరంటే నిమిషానికి సుమారు 470 లీటర్లు. అవే 470 లీటర్లు 50 మిల్లీమీటర్ల గొట్టంలో పోతే వేగం నాలుగు రెట్లు! ‘ఫ్లో స్పీడ్ 470’ అని లాగ్‌బుక్కులో వ్రాసి, గొట్టపు వ్యాసం వ్రాయనివారు ఏమీ వ్రాయనట్లే.

ఇక ‘ఫాస్ట్’ సంగతి. నేను శిక్షణలో ఉండగా ఒక డిపోలో, ఎర్తింగు క్లాంపును ‘మేక్ ఫాస్ట్’ చేయవలెనని ఇంగ్లీషు ఫలకం ఉండేది. అక్కడ ఫాస్ట్ అనగా కదలకుండా బిగించుట. ‘ఫాస్ట్ కలర్’ చీరలో ఉన్నదీ అదే. నేను త్వరగా తగిలించమన్నారని గ్రహించి, ట్యాంకరు రంగుపూతపైనే దానిని తగిలించి, వాల్వు తెరవమన్నాను. ఇంగ్లీషు అక్షరమెరుగని వృద్ధ ఖలాసీ ఒకాయన వాల్వు ముట్టక, ముందు క్లాంపును లాగి చూశాడు. అది ఊడి చేతిలోకి వచ్చింది.

“ఇది పట్టలేదు బాబుగారూ” అన్నాడాయన. పూత లేని లోహం కనబడేచోట దానిని బిగించి, మరల లాగి చూసిన తరువాతనే వాల్వు తెరిచాడు. మరుసటి వారం అధికారి అనుమతితో ఆ ఫలకం క్రింద ‘గట్టిగా బిగించి, లాగి చూడుము’ అని తెలుగులో వ్రాయించాను.