చాట్‌బాట్ మాస్టారు - కొరియన్ పాఠాలు

ఒకప్పుడు మన ఇళ్లల్లో ఆడపిల్లలు ప్రాథమిక, మధ్యమ అంటూ హిందీ పరీక్షలకు కట్టేవారు. ఇప్పటి పిల్లలు కొరియన్ మీద పడ్డారు. సీరియల్స్ చూసి ముచ్చటపడేవాళ్లు కొందరు. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ మొదలయ్యాక, ఉద్యోగానికి అక్కరకొస్తుందేమోనని చూసేవాళ్లు ఇంకొందరు. ఊరూరా కొరియన్ మాస్టారు ఎక్కడ దొరుకుతాడు? అందుకే ఫోన్‌లో చాట్‌జీపీటీనో, జెమినైనో అడుగుతున్నారు.

అక్షరాలతో పెద్ద పేచీ లేదు. సేజోంగ్ రాజు 1446లో ప్రకటించిన ఆ లిపి శ్రద్ధ పెడితే కొద్దిరోజుల్లోనే పట్టుబడుతుంది. చిక్కంతా వ్యాకరణంలోనే. ఇంగ్లీషులో చెప్పించుకుంటే అది మరీ తికమక! తెలుగులోనే, తెలుగుతో పోల్చి చెప్పమని అడగమనండి.

ఎందుకంటారా? 'నేను అన్నం తిన్నాను' అన్నది కొరియన్‌లో 'చొనున్ పబుల్ మొగొస్సొయో'. మాటల వరస అచ్చం మనదే, క్రియ చివర్నే. 'పప్' అంటే అన్నం, దానికి తగిలించిన 'ఉల్' మన 'ని' లాంటిది. మాట అచ్చుతో ముగిస్తే అదే 'రుల్' అవుతుంది. టీని 'ఛా' అంటారు, కాబట్టి 'ఛారుల్'. 'చొనున్' అంటే నేనైతే, 'చెగా' అంటే నేనే. 'ఈ కూర ఎవరు చేశారు?' అంటే 'చెగా' అనాలి. ఇంగ్లీషు పుస్తకం పేజీలకు పేజీలు చెప్పే ఈ తేడా, 'అయితే', 'ఏ' తెలిసిన మనకు చిటికెలో బోధపడుతుంది.

మన్ననలూ అంతే. స్నేహితురాలితో 'మొగొ' (తిను), కాస్త మర్యాదగా 'మొగొయో', పెద్దవాళ్లతో మాటే మారిపోయి 'తుసేయో'. ఇక్కడే చాట్‌బాట్ ముంచేది! ఎవరితో మాట్లాడుతున్నామో చెప్పకపోతే దానికి తోచిన మర్యాద పెట్టేస్తుంది. ఆఫీసరుగారితో 'తిను' అన్నట్టుంటే ఇంటర్వ్యూలో ఏం బాగుంటుంది చెప్పండి? 'నాకన్నా పెద్దాయనతో, ఆఫీసులో' అని ముందే రాయాలి.

ఇంకో సంగతి. చదివిన కోట్ల వాక్యాలను బట్టి తరవాత ఏ మాట రావచ్చో లెక్కగట్టి చెప్పడమే దాని పని. అందుకే ఒక్కోసారి లేని సూత్రాన్ని కూడా తడుముకోకుండా చెబుతుంది, మన పక్కింటి పెద్దమనిషిలాగా! అనుమానమొస్తే కొరియా ప్రభుత్వ భాషాసంస్థ ఉచితంగా ఇచ్చే నిఘంటువులో సరిచూసుకోవాలి.

హోంవర్కు మొత్తం దానిచేతే రాయించే పిల్లలుంటారు, కాస్త కనిపెట్టండి. అమ్మాయి తనే ఐదు వాక్యాలు రాసి, 'తప్పులు చూపించు, దిద్దకు, కారణం మాత్రం చెప్పు' అని అడగాలి. తనే దిద్దుకుని మళ్లీ చూపించాలి. ఇలా రోజూ అరగంట చాలు. మీరు పప్పు తాలింపు వేస్తూ 'ఇది ఛారులా, ఛావులా?' అని అడిగినా సరదాగానే ఉంటుంది.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు చాట్‌జీపీటీ వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఆధార్ నంబరు, ఇంటి అడ్రసు అందులో రాయనివ్వకండి.

టోపిక్ పరీక్షకు కడతానంటే, మొదటి మెట్టులో వినడం, చదవడం మాత్రమే ఉంటాయి. రాత రెండో మెట్టులో మొదలవుతుంది.